షట్టరు దించిన తరువాత కూడా కనిపించే బోర్డు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

చిన్న వ్యాపారి ఆన్‌లైన్‌లోకి రావాలా వద్దా అన్న చర్చ ఎక్కడ మొదలైనా, కొద్ది నిమిషాల్లోనే అది పెద్ద ఈ-కామర్స్ కంపెనీల డిస్కౌంట్ల మీదికి, కమీషన్ల మీదికి, తిరిగి వచ్చే పార్సిళ్ల గొడవల మీదికి మళ్లిపోతుంది. ఆన్‌లైన్ అనగానే మనకు తోచేది అమ్మకమే కనుక, 'అది మనవల్ల అయ్యే పని కాదులే' అని చాలామంది చిన్న వ్యాపారులు ఆ మాటను అక్కడికక్కడే పక్కన పెట్టేస్తారు. నిజానికి ఆన్‌లైన్‌లో అమ్మడం ఒక పని, ఆన్‌లైన్‌లో కనిపించడం ఇంకొక పని. మొదటిది అందరికీ కుదరదు, కుదరనవసరమూ లేదు. రెండవది మాత్రం దుకాణానికి బోర్డు పెట్టుకోవడం వంటిది. మనం ఎక్కడ ఉన్నామో, ఏమి చేస్తామో, ఏ వేళకు తలుపు తీసి ఉంటుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పే బోర్డు. ఈ ఉత్తరం ఆ రెండవ దాని గురించే.

నేను చాలా ఏళ్లుగా చిన్న వ్యాపారుల లెక్కలు రాసిపెట్టే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో కుట్టు మిషన్లు బాగుచేసే ఒక మెకానిక్ ఉన్నారు. మంచి పనిమంతుడు. ఒక ఏడాది ఆయన బిల్లుల పుస్తకం తిరగేస్తుంటే అన్నీ పాత పేర్లే కనిపించాయి, కొత్త పేరు ఒక్కటీ లేదు. కారణం అడిగితే, 'ఎవరు కుట్టుకుంటున్నారండీ ఇప్పుడు, అంతా రెడీమేడే కదా' అన్నారు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. తరువాత ఒకరోజు ఆయన దుకాణం ముందు నిలబడి, ఆ చోటు మరొకరికి పంపుదామని ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఆయన పేరు కొట్టాను. పేరు వచ్చింది. దాని కింద ఎర్ర అక్షరాల్లో 'శాశ్వతంగా మూసివేయబడింది' అని కూడా వచ్చింది. దానితోపాటు ఒక ఫొటో: సగం దించిన షట్టరు, దానికి అడ్డంగా ఎవరిదో మోటారు సైకిలు.

జరిగిందేమిటంటే, ఆయన అంతకు ముందటి ఏడాది దుకాణాన్ని రెండు వీధుల అవతలికి మార్చారు. పాత గదికి తాళం చూసి వెనుదిరిగిన వారెవరో మ్యాప్‌లో ఆ మాట చేర్చి ఉంటారు. గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోటు మూతపడిందని, చిరునామా మారిందని ఎవరైనా సూచించవచ్చు. చూసినది చూసినట్టు చెప్పినవారిని తప్పు పట్టలేము. అసలు ఆ పేరును మ్యాప్‌లో పెట్టినది కూడా ఆయన కాదు, ఎప్పుడో వచ్చిపోయిన గిరాకీ ఒకరు పెట్టారట. మనిషి లోపల కూర్చుని మిషనుకు నూనె వేస్తున్నారు, లోకం మాత్రం ఆయన దుకాణం మూసేశారని చదువుకుంటున్నది.

అందుచేత 'మేము ఆన్‌లైన్‌లో లేము' అని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు నమ్మకం కుదరదు. వారు పెట్టకపోయినా మ్యాప్‌లో పేరు ఉండవచ్చు, ఎవరో తీసిన ఫొటో ఉండవచ్చు, కోపంలో ఉన్నవారు ఇచ్చిన ఒక్క స్టారు ఉండవచ్చు, ఏ డైరెక్టరీలోనో ఎన్నడో వదిలేసిన ఫోన్ నంబరు ఉండవచ్చు. మన గురించి నలుగురు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. ఆ నలుగురిలో మన గొంతు కూడా ఉన్నదా అన్నదే ప్రశ్న.

కొనుగోలుదారు వైపు నుంచి ఒకసారి చూడండి. ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టే ఒకావిడ రేపటికి బట్టలు ఇవ్వాలి. రాత్రి తొమ్మిదింటికి దారం బట్ట కింద ఉండలు కట్టి మిషను పట్టేసింది. బాబిన్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూసినా లాభం లేదు. ఆ వేళకు ఏ దుకాణమూ తీసి ఉండదు. ఆవిడ ఫోన్ తీసి 'కుట్టు మిషన్ రిపేరు' అని కొడితే మూడు పేర్లు వచ్చాయి అనుకుందాం. మొదటి దానికి ఫోన్ నంబరు లేదు. రెండవ దానికి నంబరు ఉన్నది కానీ తీసే వేళలు లేవు. మూడవ దాని దగ్గర ఉదయం ఎన్నింటికి తీస్తారో ఉన్నది, లోపల వరుసగా మిషన్లు ఉన్న ఫొటో ఉన్నది, 'ఇంటికి వచ్చి కూడా చూస్తాము' అని ఒక్క ముక్క ఉన్నది. పొద్దున్నే ఆవిడ ఫోన్ ఎవరికి వెళుతుందో వేరే చెప్పనక్కరలేదు. ముగ్గురిలో ఎవరి పనితనం గొప్పదో ఆవిడకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. తెలిసినంతలో నిర్ణయం చేసుకున్నది. మూడవ దుకాణం వారు మాత్రం షట్టరు దించి, అన్నం తిని, నిద్రపోతూ ఆ గిరాకీని సంపాదించారు.

అవసరాన్ని బట్టి దుకాణాన్ని వెతుక్కోవడం కొత్త అలవాటు కాదు. 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో మొట్టమొదటి టెలిఫోన్ డైరెక్టరీ వేశారు. డైరెక్టరీ అంటే ఒకే ఒక్క కాగితం, దాని మీద 50 పేర్లు. నంబర్లు కూడా లేవు, పేరు చెబితే ఆపరేటరే కలిపేవారు. అంత చిన్న కాగితంలోనూ డాక్టర్లను ఒకచోట, దుకాణాలను, ఫ్యాక్టరీలను ఇంకొకచోట విడదీసి వేశారు. అవసరం పడినవాడు పేరు తెలియకుండానే వెతుకుతాడన్న సంగతి ఆనాడే వారికి తెలుసు. తరువాత వచ్చిన ఎల్లో పేజీలు, అంటే వ్యాపారాలను రకాల వారీగా వేసే డైరెక్టరీలు, ఈ ఆలోచన మీదనే దశాబ్దాల పాటు నడిచాయి. అయితే అక్కడ చోటును కొలిచి అమ్మేవారు. పెద్ద ప్రకటన పెద్దవారిది, చిన్న గడి చిన్నవారిది. వెబ్ వచ్చి ఈ కొలతను తీసేసింది. ఐరోపాలోని సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా లోకానికి వదిలేసిన తరువాత, ఒక పేజీలో నాలుగు వాక్యాలు రాసినా నలభై రాసినా ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేకుండా పోయింది. చిన్న వ్యాపారికి అసలు మేలు ఇక్కడే ఉన్నది. ఏయే రకాల మిషన్లు బాగుచేస్తామో, ఏవి చేయమో, ఏ విడిభాగాలు దొరుకుతాయో, పని ఎన్ని రోజులు పడుతుందో బోర్డు మీద రాయడానికి చోటు చాలదు. పేజీలో చాలుతుంది. 'ఇవి చేయము' అని రాసినా లాభమే, ఎందుకంటే రోజుకు పది ఫోన్లు అనవసరంగా ఎత్తే బాధ తప్పుతుంది.

దీని వెనుక ఆర్థికశాస్త్రం కూడా కొంత ఉన్నది. కొనేవాడికి సరుకు మంచిదో చెడ్డదో తెలియనప్పుడు మంచి సరుకు అమ్మేవాడు కూడా నష్టపోతాడని, పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసంలో వివరించారు. 2001లో మరి ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది ఇటువంటి పరిశోధనకే. పెద్ద కంపెనీలు ఈ చిక్కును పేరుతో దాటేస్తాయి. ఏ ఊళ్లో ఏ శాఖకు వెళ్లినా ఒకే మాదిరి సరుకు దొరుకుతుందని పేరు చూడగానే తెలిసిపోతుంది, ఆ నమ్మకం కోసం అవి ఏళ్ల తరబడి డబ్బు పోస్తాయి. చిన్న దుకాణానికి అటువంటి పేరు లేదు. నాలుగు వీధుల అవతల ఆ దుకాణదారు ఎవరో కూడా తెలియదు.

ఈ తేడాను లెక్కగట్టి చూపిన పరిశోధన ఒకటి ఉన్నది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా సియాటెల్ నగరంలోని రెస్టారెంట్ల ఆదాయాన్ని, గిరాకీలు రివ్యూలు రాసే యెల్ప్ అనే సైట్‌లో వాటికి వచ్చిన రేటింగులను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఒక స్టారు పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం వరకు పెరిగినట్టు తేలింది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉన్నది. ఈ పెరుగుదల అంతా సొంతంగా నడుపుకునే రెస్టారెంట్లలోనే కనిపించింది. ఒకే పేరుతో అనేక శాఖలు నడిపే చెయిన్ రెస్టారెంట్ల మీద రేటింగుల ప్రభావం కనబడలేదు. వాటి పేరే ఒక రేటింగు కనుక కొత్తగా తెలుసుకోవలసినది ఏమీ లేదు. ఒక నగరంలో ఒక రకం వ్యాపారం మీద జరిగిన ఈ పరిశోధనను అన్ని చోట్లకూ, అన్ని వ్యాపారాలకూ అదే అంకెలతో అన్వయించకూడదని నాకు తెలుసు. కానీ సమాచారం అందుబాటులోకి వస్తే ఎక్కువ లాభపడేది పేరు లేనివాడే అన్న తర్కం మాత్రం ఎక్కడైనా నిలుస్తుంది. ఆన్‌లైన్ అంటే పెద్దవారి రంగస్థలమని చిన్న వ్యాపారులు దూరం జరుగుతుంటే నాకు బాధ కలిగేది అందుకే.

రివ్యూల సంగతి వచ్చింది కనుక ఒక మాట. చుట్టాల చేత, స్నేహితుల చేత అయిదేసి స్టార్లు వేయించుకునేవారిని నేను చూశాను. ఒకే రోజున పడిన పన్నెండు రివ్యూలు, అన్నింటిలోనూ 'చాలా బాగుంది' అన్న ఒకే ముక్క, చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. అమెరికాలో అయితే దొంగ రివ్యూలు రాయించడాన్ని, కొనడాన్ని నిషేధిస్తూ అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ప్రత్యేకంగా నిబంధనలే తెచ్చింది. నిజమైన గిరాకీని, పని ముగిసి సంతోషంగా ఉన్నప్పుడు, 'వీలుంటే రెండు ముక్కలు రాయండి' అని అడగడంలో తప్పు లేదు. చెడ్డ రివ్యూ వస్తే పోట్లాడకుండా, జరిగింది చెప్పి, సరిచేసే దారి చూపుతూ రెండు వాక్యాల జవాబు రాస్తే చాలు. ఆ జవాబు కోపగించుకున్న మనిషి కోసం అనుకోకూడదు, రేపు దాన్ని చదవబోయే వారి కోసం.

ఇక ఈ బోర్డును ఎవరి స్థలంలో పాతుకోవాలన్నది పెద్ద విషయం, చాలామంది బోల్తా పడేదీ ఇక్కడే. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్, మ్యాప్‌లో పేరు, ఇవన్నీ ఉచితం, ఇవన్నీ పనికివచ్చేవే. నేను వద్దనను. కానీ ఇవి అద్దె గదులు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ కంపెనీ నెట్‌వర్క్‌లో జరిగిన ఒక పొరపాటు వల్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆర్డర్లు, ప్రశ్నలు, ఫొటోలు అన్నీ ఆ మూడింటి మీదే నడుపుకునేవారు ఆ ఆరు గంటలూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. గంటలు గడిస్తే సేవలు తిరిగి వచ్చాయి, కానీ ఇల్లుగలాయన గదే కూల్చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఒకప్పుడు ఎందరో సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 2009లో చాలా దేశాల్లో మూసేశారు. గూగుల్ వారి సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్ 2019లో పోయింది. మ్యాప్‌లో పేరు ఉన్న వ్యాపారాలకు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను కూడా 2024 మార్చిలో ఆపేసింది. విజిటింగ్ కార్డుల మీద ఆ చిరునామా అచ్చు వేయించుకున్నవారి కార్డులన్నీ వృథా.

సొంత డొమైన్ పేరు ఉంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. అది ఇంటర్‌నెట్‌లో మన పేజీకి చిరునామాగా, ఏడాదికోసారి రుసుము కట్టి నిలుపుకునే పేరు. ఒకేసారి పదేళ్ల వరకు కట్టుకోవడానికి కూడా వీలు ఉంటుంది. పేజీని ఈ కంపెనీ దగ్గర పెట్టుకున్నా, రేపు వేరే కంపెనీకి మార్చుకున్నా, గిరాకీలకు తెలిసిన పేరు మాత్రం మారదు. అయితే ఆ పేరు వ్యాపారి పేరుతోనే, వ్యాపారి ఈమెయిల్‌తోనే రిజిస్టరు కావాలి. నేను లెక్కలు చూసే ఇంకొకరి విషయంలో ఇదే దెబ్బ తగిలింది. తెలిసిన కుర్రాడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు, బాగానే చేశాడు. డొమైన్‌ను మాత్రం చేతికి అందినట్టుగా తన ఈమెయిల్‌తో తీసుకున్నాడు. రెండేళ్లకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. గడువు ముగుస్తున్నదన్న హెచ్చరికలన్నీ అతను తెరవని ఆ పాత మెయిల్‌కు వెళ్లాయి. పేరు చేజారింది, దాన్ని ఇంకెవరో తీసుకున్నారు. కుర్రాడిలో మోసం లేదు, మా వ్యాపారిలో నిర్లక్ష్యం కూడా లేదు. ఈ ప్రశ్న అడగాలని ఇద్దరికీ తెలియదు, అంతే. దుకాణం అద్దె కాగితం ఎవరి పేరుతో ఉన్నదో చూసుకునే మనం దీన్నీ చూసుకోవాలి.

పేజీ ఎలా ఉండాలన్న దాని మీద ఎక్కువ చెప్పను. వచ్చేవారిలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు కనుక ఫోన్ తెర మీద వేలితో పక్కకు జరపకుండా చదవగలిగేలా ఉండాలి. ఫోన్‌కు అనువుగా లేని పేజీలను ఫోన్ వెతుకులాటలో వెనక్కు నెట్టే పద్ధతిని గూగుల్ 2015 ఏప్రిల్‌లోనే అమలు చేసింది. పేజీ చిరునామా https అని మొదలయ్యే భద్రమైన కనెక్షన్ ఉండాలి. లేకపోతే 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజరు 'సురక్షితం కాదు' అని రాసి చూపిస్తున్నది, ఆ మాట చూసి లోపలికి వచ్చేవారు జంకుతారు. దానికి కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థ ఉచితంగానే ఇస్తున్నది. పాంప్లెట్ ఫొటో తీసి అదే పేజీగా పెట్టేవారు ఎక్కువ, అది మంచి అలవాటు కాదు. ఫొటోలోని ఫోన్ నంబరును నొక్కితే కాల్ కలవదు, చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులోని అక్షరాలు సరిగా అందవు. అక్షరాలను అక్షరాలుగానే రాయాలి. పేరు, చిరునామా, నంబరు అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. సెలవు పెట్టే రోజున ఆ మాట ముందుగా పెట్టాలి. మూసి ఉన్న దుకాణం దాకా వచ్చి వెళ్లినవారు రెండోసారి రారు.

ఇక అభ్యంతరాల సంగతి. మాది నోటి మాట మీద నడిచే వ్యాపారం అంటారు కొందరు. నోటి మాట విలువ తగ్గిందని నేను అనను. కానీ ఇప్పుడు మాట విన్నవారు కూడా బయలుదేరే ముందు ఫోన్‌లో పేరు కొట్టి చూసుకుంటున్నారు. అక్కడ ఏమీ కనిపించకపోతే, లేదా మూతపడిందని కనిపిస్తే, చెప్పిన మనిషి మాట కూడా వృథా అవుతుంది. పాత ఖాతాదారులు చాలు అనేవారు కూడా ఉన్నారు. పాత ఖాతాదారులు ఇళ్లు మారతారు, వయసు మళ్లి పనులు మానుకుంటారు; ఏటా కొందరు తగ్గడం నా పుస్తకాల్లో నేను చూస్తూనే ఉన్నాను. చేతినిండా పని ఉండి, ఇంకొక గిరాకీ వస్తే కాదనవలసిన స్థితిలో ఉన్నవారికి ఇదంతా అంత అవసరం లేదన్నది మాత్రం నేను ఒప్పుకుంటాను. వారికి తీసే వేళలు, నంబరు సరిగ్గా కనిపిస్తే చాలు.

మోసపోతామేమో అన్న భయం మాత్రం న్యాయమైనది. 'గూగుల్‌లో మీ పేరు మొదటి స్థానంలో పెడతాము, ఇంత కట్టండి' అని ఫోన్ చేసేవారికి లోటు లేదు. మొదటి స్థానం గ్యారంటీగా ఇప్పించగలవారు ఎవరూ లేరని గూగుల్ సంస్థే తన సలహాల్లో రాసి పెట్టింది. మ్యాప్‌లో ఉన్న పేరును తనదిగా నమోదు చేసుకోవడానికి ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు. ఆ వ్యాపారం తనదేనని వ్యాపారి ఫోన్ ద్వారానో, దుకాణం వీడియో తీసి పంపడం ద్వారానో రుజువు చేసుకోవాలి, అంతే. ఆ సందర్భంలో వచ్చే కోడ్‌ను 'మేము గూగుల్ నుంచి మాట్లాడుతున్నాము' అనే అపరిచితులకు చెప్పకూడదు.

మా మెకానిక్ గారి విషయానికి వస్తే, ఆ సాయంత్రం మేమిద్దరం ఆయన దుకాణంలోనే కూర్చుని ఆ నమోదు పని మొదలుపెట్టాము. వీడియో తీయడానికి షట్టరును ఒకసారి దించి మళ్లీ ఎత్తవలసి వచ్చింది, పక్కవారు ఇంత పెందరాళే కట్టేస్తున్నారేమిటని అడిగారు. కొద్ది రోజులకు ఎర్ర అక్షరాలు పోయాయి, కొత్త చిరునామా వచ్చింది. ఏమేమి చేస్తారో రాద్దామని ఒక్కొక్కటే అడుగుతుంటే ఆయన చెప్పుకుంటూ పోయారు. చివరికి కాస్త మొహమాటపడుతూ, 'కాలితో తొక్కే పాత మిషన్లు కూడా చూస్తానని రాయండి, ఎవరూ అడగరనుకోండి' అన్నారు. రాశాము. తరువాతి నెలల్లో ఆయన బిల్లుల పుస్తకంలో నాకు కనిపించిన కొత్త పేర్లలో సగానికి సగం ఆ పాత మిషన్ల వారివే. అమ్మమ్మ మిషను అటక మీద నుంచి దింపాము, బెల్టు తెగిపోయింది, తొక్కుడు పలక బిగుసుకుపోయింది, దీన్ని బాగుచేసేవారు ఇంకా ఉన్నారనుకోలేదు అంటూ వస్తున్నారట.

భవదీయుడు,
చిన్న వ్యాపారుల లెక్కలు రాసే ఒక పాఠకుడు